నాలుగో పేరు

జూలై చలి. ఆరూ నలభైకి టార్నీట్‌లో ఇంకా చీకటే.
మా గేటు గడియ ముందుగా తీసేది బ్రిడ్జెట్.
ట్రామ్ నడిపే ఆ చేతుల్లోంచి
నా చేతుల్లోకి లాక్లన్,
దుప్పటితో సహా, నిద్రతో సహా.
తర్వాత అచోల్. వాళ్ళమ్మకి ఆసుపత్రి వంటగదిలో పని.
తర్వాత గుర్‌నూర్, ఒక కాలికే బూటు.

రిజిస్టరులో నాలుగు గళ్ళు.
బడి ఈడు రాని పిల్లలు నలుగురికి మించకూడదు.
నాలుగో గడిలో మా ఊర్మి.
ఫీజు అన్నచోట, తన పేరుకెదురుగా,
ఒక అడ్డగీత.

మొన్న శనివారం ప్రత్యూష ఇంట్లో
మళ్ళీ ఆ తగువే లేచింది.
గోంగూర గిన్నె ఒక చుట్టు తిరిగేలోగా
ఆడవాళ్ళం రెండు జట్లు.
కన్నది ఎవరికో అప్పజెప్పడానికా అని ఒకరు.
చదివిన చదువు పోపులపెట్టెలో దాచుకోడానికా అని ఒకరు.
జీతంలోంచి క్రెష్ డబ్బులు తీసేస్తే
వారానికి మిగిలేది తొంభై డాలర్లట.
ఆ తొంభై కోసమేనా?
ఆ తొంభై నావి.
మగవాళ్ళు పెరట్లో బార్బెక్యూ చుట్టూ నిలబడి
ఉల్లిపాయలు కాలాయో లేదో చూస్తున్నారు.

"నీకేం సుభా, ఇంటిపట్టునే ఉంటావు" అంది ఒకావిడ.
"అదేంటి, ఆవిడది బిజినెస్ కదా" అంది ఇంకొకావిడ.
నేను పెరుగన్నం కలుపుకుంటూ ఉండిపోయాను.
పని మా హాల్లోనే ఉంది. ఇల్లూ అక్కడే ఉంది.
మధ్యలో గోడ కట్టే చోటు లేదు.

పగలు ఊర్మి నన్ను "సుబీ" అంటుంది.
మిగతా ముగ్గురూ అంతే కదా మరి.
సుబీ, నీళ్ళు. సుబీ, వాడు గిల్లాడు.
రెండున్నరేళ్ళకే
తన వంతు వచ్చేదాకా ఆగడం నేర్చింది.
సాయంత్రం, చివరి కారు ఎర్రదీపాలు మలుపు తిరిగాక,
గాజు తలుపుకి ఆనించిన ముక్కు తీసి
"అమ్మా" అంటుంది,
షిఫ్టు దిగిన మనిషిలా.

గురువారం పదకొండింటికి
సోఫా అంచు వదిలేసి
లాక్లన్ అడుగులేశాడు.
ఒకటి. రెండు. ఆగి, మూడు.
నాలుగోదానికి నా మోకాలి మీద పడ్డాడు.
అచోల్ చప్పట్లు కొట్టింది.
ఫోను తీశాను. ఫొటో దాకా వెళ్ళాను.
ఆ వేళకి బ్రిడ్జెట్ ఏ స్టాపు దగ్గరో
గంట కొడుతూ ఉంటుంది.
ఫోను బోర్లించాను.

సాయంత్రం అడిగింది, ఇవాళేం చేశాడని.
"రెండు అరటిపళ్ళు తిన్నాడు."
అబద్ధం కాదు.

ఆ రాత్రి బియ్యం నానబోశాను.
మర్నాడు రాత్రి పాకం పడుతుంటే
ఏం పండగ అన్నాడు మా ఆయన.
బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు.
ఎవరి అడుగులో చెప్పలేదు.

సోమవారం గేటు తోసుకుంటూ వచ్చింది బ్రిడ్జెట్.
"నడిచాడు! నిన్న! నా దగ్గరికి!"
తొమ్మిది సెకన్ల వీడియో.
నాలుగుసార్లు చూపించింది,
నాలుగుసార్లూ నేను మొదటిసారే చూశాను.
డబ్బా మూత తీసి, మా వైపు
పిల్లలు నడిస్తే ఇవి చేస్తాం అన్నాను.
కొరికింది. పెదవికి నువ్వులంటుకున్నాయి.
"మరి నీకు ముందే ఎలా..." అనబోయి
ఆగింది.
డబ్బాని చూసింది. నన్ను చూసింది.
ట్రామ్ వేళవుతోంది.
ఇంకో రెండు కోటు జేబులో వేసుకుని
ఏమీ అనకుండా నా భుజం నొక్కి వెళ్ళింది.

వెనక నుంచి నా ప్యాంటు పట్టుకుని
"సుబీ, నాకూ" అంది ఊర్మి.
ఇచ్చాను.
తను తింటుంటే లెక్కవేసుకున్నాను.
ఊర్మి నడిచిన వారం
ఇంట్లో ముగ్గురికి జ్వరాలు, ఒకడికి చెవిపోటు.
అరిసెలు చేశానా?
ఎంత తలచుకున్నా
చేతులకి ఆ నూనె వాసన రాలేదు.